టర్బో మార్చకు, ముందు ఇంజిన్‌కి ఊపిరాడనివ్వు

ప్రశ్న: అన్నా, నాది గుంటూరు. మా నాన్నగారు వాడిన 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ నా దగ్గరుంది. పోయినేడు ఇంజిన్ దింపి బోర్ చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించి, చిన్న టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసేది) పెట్టించాను. బూస్ట్, అంటే అది తోసే గాలి ఒత్తిడి, 7 పీఎస్ఐ. ఇప్పటికి 2,500 కిలోమీటర్లు తిరిగింది. రోజూ విజయవాడ డ్యూటీకి ఇదే బండి. టర్బో పెట్టినప్పుడు బ్లాక్ వెనక డబ్బాకి ఉండే పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి గ్యాసుని మళ్ళీ ఇంజిన్‌లోకే పంపేది) తీసేసి, ఆ రంధ్రానికీ మానిఫోల్డ్‌కీ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) బోల్టులు కొట్టారు. టాపెట్ కవర్ మీది సన్న బ్రీదర్‌కి చిన్న ఫిల్టర్ తగిలించారు. ఇప్పుడు గట్టిగా తొక్కితే డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) పైకి లేస్తోంది, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ చెమ్మ కనపడుతోంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే వెనక నీలం పొగ. సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీలోంచి కాలిన ఆయిల్ వాసన. టర్బో సీల్స్ పోయాయి, మార్చడానికి 45 వేలు అవుతుందని ఒకరన్నారు. ఓపెన్ క్యాచ్ క్యాన్ (గ్యాసులోని ఆయిల్‌ని పట్టుకుని గ్యాసుని బయటికి వదిలే డబ్బా) పెడితే చాలని ఇంకొకరు, వాక్యూమ్ పంపు వెయ్యమని మరొకరు, ఎగ్జాస్ట్ పైపులోకి గొట్టం వేస్తే అదే లాగేస్తుందని ఒకరు. నా చేతిలో 20 వేలున్నాయి. ఏది చేయను?

జవాబు: తమ్ముడూ, ముందు రెండు మాటలు విను, మిగతాది నిదానంగా చదువుకో. టర్బోకి అడ్వాన్స్ ఇవ్వకు. డిప్ స్టిక్‌కి కట్టిన ఆ ట్యూబు ముక్క ఇవాళే విప్పెయ్. విప్పాక పని పూర్తయ్యేదాకా బూస్ట్ జోలికి పోకుండా మెల్లగా తిప్పుకో, ఎందుకంటే పైకి లేచిన డిప్ స్టిక్ సందులోంచి చిమ్మిన ఆయిల్ మండుతున్న టర్బో మీద పడితే బానెట్ కింద మంట లేస్తుంది, ఇది నిన్ను భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు. అలాగని కట్టి ఉంచితే? కుక్కర్ వెయిట్ లేవకుండా చేత్తో నొక్కి పట్టుకున్నట్టు. ఆవిరి లోపలే ఉంటుంది, ఇంకెక్కడ వీక్‌గా ఉందో అక్కడ తన్నుకుని బయటికొస్తుంది. నీ బండిలో ఆ వీక్ చోటు ఏదో ఇప్పటికే తెలిసింది, క్రాంక్ వెనక ఆయిల్ సీల్. గేర్‌బాక్స్ దగ్గర నువ్వు చూసిన చెమ్మ అదే. ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, ఆయిల్ క్లచ్ ప్లేటుకి అంటితే అదొక ఖర్చు.

లోపల జరిగేది ఇది. ఎంత కొత్త ఇంజిన్ అయినా, ఎంత బాగా బోర్ చేసినా, పిస్టన్ రింగుల సందుల్లోంచి కాస్త గ్యాసు కిందికి దిగుతుంది. మనవాళ్ళు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. అందులో కాలీకాలని పెట్రోలు ఉంటుంది, నీటి ఆవిరి ఉంటుంది, ఆమ్లాలు ఉంటాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయని చాలామందికి తెలియదు, అందులో ఎక్కువ భాగం ఎగ్జాస్ట్‌లోంచి పోతుంది గానీ కొంత ఈ దారిన ఆయిల్ చాంబర్‌లోకి వస్తుంది. టర్బో పెట్టావంటే సిలిండర్‌లో ఒత్తిడి పెంచావు, కాబట్టి కిందికి దిగే గ్యాసూ పెరిగింది. గ్యాసు పెంచి, ఉన్న రెండు దారుల్లో ఒకటి బోల్టు కొట్టి మూసి, మిగిలిన సన్న దారికి ఫిల్టర్ తగిలించారు. డిప్ స్టిక్ లేవక ఏం చేస్తుంది?

ఇప్పుడు ఆ 45 వేల సంగతి. టర్బో షాఫ్టుకి ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది, కానీ తిరిగొచ్చేటప్పుడు దాన్ని తోసేవాళ్ళు ఎవరూ ఉండరు, తన బరువుతో తానే జారి ఆయిల్ చాంబర్‌లో పడాలి. చాంబర్‌లో గ్యాసు నిండి కిందనుంచి పైకి తన్నుతుంటే ఆ ఆయిల్ దిగదు. టర్బో మధ్యలో నిలిచిపోయి, షాఫ్టు పక్కనుంచి ఎగ్జాస్ట్ వైపు జారి కాలుతుంది. నీలం పొగ. చాలా టర్బోలకి షాఫ్టు దగ్గర ఉండేది మనం అనుకునే రబ్బరు సీల్ కాదు, పిస్టన్ రింగులాంటి సన్నటి ఇనప రింగు, అది నిలిచిన ఆయిల్‌ని ఆపడానికి పెట్టింది కాదు. అందుకని మంచి టర్బో కూడా ఇలా పొగ కొడుతుంది. కొత్తది బిగించినా నెల తిరక్కుండా అదే పొగ కొడుతుంది. టర్బో నిజంగా పోయిందా అని చూడాలంటే ఇన్‌టేక్ గొట్టం ఊడదీసి, షాఫ్టుని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఆడించు. పక్కలకి సూక్ష్మంగా కదలడం మామూలే, ముందుకీ వెనక్కీ ఆడుతున్నా, రెక్కలు గోడకి రాసుకున్న గుర్తులున్నా అప్పుడు అనుమానించు. పనిలో పనిగా టర్బో కిందనుంచి చాంబర్‌కి వచ్చే ఆయిల్ గొట్టం ఎక్కడైనా వంగి బావిలా దిగి మళ్ళీ లేస్తోందేమో, లేదా చాంబర్‌లో ఆయిల్ మట్టం కంటే కింద కలుస్తోందేమో చూడు. అలా ఉంటే దాన్ని కూడా సరిచేయాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రమే పొగ రావడానికి హెడ్‌లోని వాల్వ్ ఆయిల్ సీల్స్ కూడా కారణం కావచ్చు, ఇంజిన్ దింపినప్పుడు అవి మార్చారో లేదో బిల్లు తీసి చూసుకో.

ఆ పని చేసిన మెకానిక్ మీద కోపం పెట్టుకోకు. మన ఆటోనగర్ లారీల మీద బతికిన ఊరు. పాత లారీ కింద వంగి చూస్తే ఇంజిన్ పక్కనుంచి ఒక గొట్టం కిందికి వేలాడుతుంటుంది, చివర జిడ్డు పట్టి చుక్కచుక్కగా రోడ్డు మీద పడుతుంటుంది. ఆ డీజిల్ ఇంజిన్‌కి థ్రాటిల్ ప్లేటు లేదు, కాబట్టి మానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు. లోపలి గ్యాసుకి బయటికి ఒక దారి ఇచ్చి వదిలేశారు. ముప్పై ఏళ్ళు అవే చేసినవాడికి పెట్రోలు కారుకి కూడా ఒక గొట్టం, ఒక ఫిల్టర్ చాలనిపించడం సహజం. అసలు ఒకప్పుడు పెట్రోలు కార్లు కూడా అలాగే ఉండేవి. ఇంజిన్ కిందికి ఒక గొట్టం, బండి పరిగెడుతుంటే కింద పోయే గాలి ఆ గ్యాసుని లాగేది, బండి ఆగితే లాగడమూ ఆగేది. ఆ గ్యాసులో ఉన్న పెట్రోలు ఆవిరి గాలిని పాడుచేస్తోందని గుర్తించి, 1961 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో దాన్ని మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే ఏర్పాటు పెట్టించారు. నీ హోండాలో పీసీవీ వాల్వ్ ఉన్నది ఆ ఏర్పాటు కోసమే. అది పొగకోసమే అనుకుంటారు గానీ, ఇంజిన్ ఆయుష్షుకి అది చేసే మేలు అంతకంటే పెద్దది.

ఎలాగంటే, ఐడ్లింగ్‌లో, మామూలు వేగంలో, మానిఫోల్డ్ లోపల గట్టి వాక్యూమ్ ఉంటుంది. ఆ వాక్యూమ్ పీసీవీ వాల్వ్ గుండా బ్లాక్ వెనక డబ్బాలోంచి గ్యాసుని లాగుతుంది. లాగిన చోట ఖాళీ నింపడానికి ఎయిర్ ఫిల్టర్ దాటిన శుభ్రమైన గాలి టాపెట్ కవర్ బ్రీదర్ గుండా లోపలికి వస్తుంది. అంటే ఒక కిటికీలోంచి మంచి గాలి వచ్చి, ఇంకో కిటికీలోంచి చెడు గాలి పోతూ ఇల్లంతా ఆరుతున్నట్టు. ఓపెన్ ఫిల్టర్‌తో ఆ రెండో కిటికీ లేదు. లోపల ఒత్తిడి పెరిగితే కాస్త బయటికి కక్కుతుంది అంతే, నీటి ఆవిరి, పెట్రోలు ఆవిరి లోపలే తచ్చాడుతూ ఆయిల్‌లో కలిసిపోతాయి.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట నా పాత పెట్రోలు బండికి నేనే పీసీవీ తీసి బోల్టు కొట్టుకున్నాను, మానిఫోల్డ్ శుభ్రంగా ఉంటుందని ఎవరో చెబితే నమ్మి. అప్పుడు పటమట నుంచి గవర్నరుపేట దాకా రోజూ చిన్న తిరుగుడు, ఇంజిన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేసేది. సంక్రాంతి వెళ్ళాక టాపెట్లు సెట్ చేద్దామని కవర్ ఊడదీస్తే లోపలి గోడంతా కాఫీ రంగు మీగడ, వేలితో తీస్తే వెన్నలా వచ్చింది. ఆయిల్ క్యాప్ అడుగున నీటి బొట్లు. అప్పటికి ఆ ఆయిల్ పోసి నాలుగు నెలలు కూడా కాలేదు. చాంబర్ దించి చూస్తే ఆయిల్ పంపు జాలీలో సగం అదే మీగడ పట్టి ఉంది. బేరింగులు పోకముందే చూశాను కాబట్టి ఇంజిన్ దక్కింది. నువ్వు రోజూ గుంటూరు నుంచి 30 కిలోమీటర్ల పైన నడుపుతున్నావు కాబట్టి నీ ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, అంత మీగడ పట్టకపోవచ్చు. కానీ ఆ గ్యాసులు ఆయిల్‌ని చంపడం మాత్రం ఆగదు.

మరి టర్బో పెడితే పీసీవీ ఎందుకు తీసేస్తారు? ఆ అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది. బూస్ట్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పోయి ఒత్తిడి వస్తుంది. పీసీవీ వాల్వ్ కాస్త లీకైనా ఆ 7 పీఎస్ఐ నేరుగా క్రాంక్‌కేస్‌లోకి, అంటే పిస్టన్ల కింద ఆయిల్ ఉండే గదిలోకి, దూరుతుంది, ఉన్న సీల్స్ అన్నీ కక్కేస్తాయి. దానికి మందు బోల్టు కాదు, వన్ వే వాల్వ్. పీసీవీకీ మానిఫోల్డ్‌కీ మధ్య ఒకటి పెడితే వాక్యూమ్ ఉన్నప్పుడు తెరుచుకుంటుంది, బూస్ట్ రాగానే మూసుకుంటుంది. ఇంతే. కంపెనీలో టర్బోతోనే తయారైన పెట్రోలు కార్లలో కూడా ఉండే ఆలోచన ఇదే.

ఏం బిగించాలో చెప్పేముందు ఒక పని. ఎంత కొడుతోందో కొలవకుండా గొట్టాలు కొనకు. బోర్ చేసి 2,500 కిలోమీటర్లే అయింది, రింగులు ఇంకా సరిగ్గా కూర్చోలేదేమో, లేదా రింగుల గ్యాప్ ఎక్కువ పెట్టారేమో, ఒక సిలిండర్ మాత్రమే తేడాగా ఉందేమో మనకి తెలియదు. ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించు, ఇంజిన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి. అంకె ఎంత వచ్చిందన్నది ఒక్కటే కాదు, నాలుగింటి మధ్య తేడా పది శాతం దాటకూడదు. దానికంటే మంచిది లీక్ డౌన్ టెస్ట్. సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పెట్టి ఎంత శాతం కారిపోతోందో చూస్తారు. పది లోపు ఉంటే రోడ్డు బండికి బాగున్నట్టే. ఇరవై దాటితే మాత్రం ఎన్ని క్యాన్లు పెట్టినా లాభం లేదు. ఆ టెస్ట్ జరుగుతున్నప్పుడు నువ్వే దగ్గరుండి చెవి పెట్టి విను. ఆయిల్ పోసే మూతి దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ దగ్గర వినపడితే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్.

తర్వాత క్రాంక్‌కేస్ ఒత్తిడి. దీనికి గేజీ కొనక్కర్లేదు. తాపీ మేస్త్రీలు గోడల మట్టం చూసే పారదర్శకమైన ట్యూబు ఉంటుంది కదా, హార్డ్‌వేర్ షాపులో నాలుగైదు మీటర్లు తీసుకో. నాలుగడుగుల చెక్క మీద దాన్ని 'యు' ఆకారంలో టేపు వేసి అంటించి, సగం దాకా నీళ్ళు పోసి, అందులో కాస్త నీలిమందు కలుపు, స్పష్టంగా కనపడుతుంది. ఒక చివర డిప్ స్టిక్ తీసేసి ఆ గొట్టానికి గట్టిగా తొడుగు, రెండో చివర గాలికి వదిలెయ్. రెండు వైపులా నీళ్ళ ఎత్తులో తేడానే ఒత్తిడి. 70 సెంటీమీటర్ల తేడా అంటే 1 పీఎస్ఐ. ఐడ్లింగ్‌లో ఒకసారి చూడు. తర్వాత డైనో (బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపి చూసే యంత్రం) దొరికితే దాని మీద, లేకపోతే ఖాళీ రోడ్డు మీద పక్క సీట్లో ఫ్రెండ్‌ని చెక్క పట్టుకుని కూర్చోబెట్టి, రెండో గేరులో ఒకే ఒక్కసారి పూర్తిగా తొక్కి చూడు, బూస్ట్ జోలికి పోవద్దన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు. చూడాల్సింది వాడు, నువ్వు రోడ్డు మీదే కళ్ళు పెట్టు. నా లెక్కలో బూస్ట్‌లో 35 సెంటీమీటర్లు దాటకపోతే నిశ్చింత. 70 దాటితే సీల్స్‌కి కష్టమే. ఇప్పుడున్న ఏర్పాటుతో నీ నీళ్ళు చెక్క దాటి ఒళ్ళో పడినా ఆశ్చర్యం లేదు, పడితే వెంటనే కాలు తీసెయ్. వన్ వే వాల్వ్ లేని పీసీవీ తెరుచుకుపోయి 7 పీఎస్ఐ మొత్తం లోపలికి దూరితే ఇదే గొట్టంలో దాదాపు ఐదు మీటర్ల ఎత్తు అవుతుంది, అందుకే ఆ వాల్వ్ నాసిరకం వద్దని ముందే చెప్తున్నాను.

ఇక నీకు చెప్పిన దారులు. వాక్యూమ్ పంపు డ్రాగ్ రేసు బళ్ళకి. బెల్టు మీద తిరుగుతూ క్రాంక్‌కేస్‌లో గట్టి వాక్యూమ్ పుట్టిస్తుంది, రింగులు బాగా అతుక్కుంటాయి, నిజమే. కానీ క్రాంక్ సీల్స్ లోపలి ఒత్తిడిని ఆపేలా కూర్చుంటాయి, వాక్యూమ్ మరీ ఎక్కువైతే అవి బయటి గాలిని, దుమ్మునీ లోపలికి లాగుతాయి. లోపల ఎగిరే ఆయిల్ తుంపర తగ్గి పిస్టన్ పిన్నులు ఎండుతాయి. రోజూ కాజ టోల్‌గేట్ దాటి ఆఫీసుకెళ్ళే బండికి అది వద్దు. ఎగ్జాస్ట్‌లోకి గొట్టం వేసే పద్ధతి సైలెన్సర్ లేని పాత రేసు బళ్ళలో పనిచేసింది. నీకు ముందు టర్బో అడ్డు, వెనక సైలెన్సర్ అడ్డు, టర్బోకి ముందు ఎగ్జాస్ట్ పైపులో ఉండేది లాగే శక్తి కాదు, తోసే ఒత్తిడి. ఆ గొట్టంలో పెట్టే చిన్న వాల్వ్ మసి పట్టి ఇరుక్కున్న రోజున సైలెన్సర్ పొగ మొత్తం నీ ఆయిల్‌లోకి వస్తుంది. దాని గురించి ఇంక ఆలోచించకు.

ఓపెన్ క్యాచ్ క్యాన్ గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే అది చాలామంది పెడుతున్నారు, ఒత్తిడి తగ్గిస్తుంది కూడా. లావు గొట్టాలు వేసి, మంచి క్యాన్ పెట్టి, పైన ఫిల్టర్‌తో వదిలేస్తే నీ డిప్ స్టిక్ లేవదు. హోండా ఇంజిన్ ఎమ్ఏపీ సెన్సర్‌తో, అంటే మానిఫోల్డ్‌లో ఒత్తిడి చూసి, గాలి లెక్క కడుతుంది కాబట్టి, ఎయిర్‌ఫ్లో మీటర్ ఉన్న బళ్ళలోలాగా లెక్క తప్పే బాధ కూడా లేదు. రేసు ట్రాక్ మీద మాత్రమే తిరిగే బండి అయితే నేనూ అదే పెట్టమనేవాడిని. కానీ నువ్వు బండి నడిపే గంటలో బూస్ట్‌లో ఉండేది ఎన్ని నిమిషాలు? మిగతా సేపంతా లోపల గాలి మారదు. వాసన అలాగే ఉంటుంది. బానెట్ కింద ఓపెన్ ఫిల్టర్ కక్కిన ఆవిరి వైపర్ల కింద జాలీలోంచి ఏసీ బ్లోయర్‌లోకి వెళ్తుంది, సిగ్నల్ దగ్గర నీకు వస్తున్న వాసన అదే. వెనక సీట్లో అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. పైగా మన దగ్గర కూడా పెట్రోలు కార్లు క్రాంక్‌కేస్ గ్యాసుని బయటికి వదలకూడదన్నది అప్రూవల్ పరీక్షల్లోనే ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు సైలెన్సర్‌లోనే గొట్టం పెడతారు కాబట్టి అక్కడ ఇది బయటపడకపోవచ్చు, అంతమాత్రాన అది సరైపోదు. చట్టం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, టర్బో పెట్టడమే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ప్రశ్న అవుతుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అది ఎదురు తిరగొచ్చు, ఈ విషయం నాన్నగారికి కూడా తెలిసి ఉండాలి.

నీ బండికి నేను చెప్పేది మూసిన ఏర్పాటు, రెండు క్యాన్లతో. మొదటి దారి: బ్లాక్ వెనక డబ్బాకి కొట్టిన బోల్టు తీసేసి, అక్కణ్ణుంచి చిన్న క్యాన్‌కి, క్యాన్ నుంచి ఒరిజినల్ పీసీవీ వాల్వ్‌కి, దాన్నుంచి వన్ వే వాల్వ్‌కి, అక్కణ్ణుంచి మానిఫోల్డ్‌కి. రెండో దారి: టాపెట్ కవర్ నుంచి పెద్ద క్యాన్‌కి, క్యాన్ నుంచి ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉన్న ఇన్‌టేక్ గొట్టంలోకి. ఈ రెండో దారిలో వన్ వే వాల్వ్ పెట్టొద్దు, పెడదామని ఎవరన్నా ఒప్పుకోకు. ఎందుకంటే ఐడ్లింగ్‌లో మంచి గాలి లోపలికి రావాల్సింది ఈ దారినే. బూస్ట్‌లో మానిఫోల్డ్ వైపు మూసుకుంటే ఇదే గొట్టం తిరగబడి గ్యాసుని టర్బో నోటి దగ్గరికి పంపుతుంది, అక్కడ టర్బో గాలి లాగుతుంటుంది కాబట్టి దీన్నీ లాగుతుంది. ఒకే గొట్టం రెండు వైపులా పనిచేస్తుంది.

టాపెట్ కవర్ మీద ఇప్పుడున్న సన్న నిపుల్ చాలదు. 8 మిల్లీమీటర్ల రంధ్రం బదులు 16 పెడితే వెడల్పు రెట్టింపే, గాలి దారి మాత్రం నాలుగు రెట్లు. దారి పెద్దదైతే గ్యాసు నెమ్మదిగా పోతుంది, నెమ్మదిగా పోతే ఆయిల్ బొట్లని తనతో ఈడ్చుకుపోదు. ఇక్కడ ఒక సంగతి చాలామంది గమనించరు. కింద పుట్టిన గ్యాసు టాపెట్ కవర్ దాకా రావాలంటే హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే రంధ్రాల్లోంచే పైకి రావాలి. ఒకే మెట్ల మీద దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ. గ్యాసు ఎక్కువైతే ఆయిల్ దిగలేక హెడ్‌లోనే నిలుస్తుంది, నిలిచిన ఆయిల్ బ్రీదర్‌లోంచి పోతుంది, క్యాన్ నిండిపోతోంది అని మనం క్యాన్‌ని తిడతాం. అందుకే ఇదంతా బిగించాక కూడా నీళ్ళ గొట్టంలో 70 దాటితే, బ్లాక్ వెనక డబ్బా నుంచి పెద్ద క్యాన్‌కి కూడా ఇంకో గొట్టం వెయ్యి, దానికి మాత్రం బయటికి మాత్రమే వదిలే వన్ వే వాల్వ్ ఉండాలి, లేకపోతే మంచి గాలి ఇంజిన్ లోపల తిరక్కుండా అడ్డదారిన మానిఫోల్డ్‌కి పోతుంది. ముందే వెయ్యకు, అవసరం తేలాకే.

ఈ పని ఆటోనగర్‌లో హాయిగా అవుతుంది. టాపెట్ కవర్ ఊడదీసి పెట్రోలుతో కడిగి పట్టుకెళ్ళు, జిడ్డుంటే ఆర్గాన్ వెల్డింగ్ పట్టదు. కొత్త నిపుల్ అతికించే చోట లోపలివైపు ఒక రేకు పలక కూడా అతికించమను, క్యామ్ చిమ్మే ఆయిల్ నేరుగా రంధ్రంలోకి పడకుండా. వెల్డింగ్ అయ్యాక కవర్‌ని అద్దం మీద బోర్లించి వంకర తిరిగిందేమో చూసుకో, సందులో సన్నటి కాగితం దూరితే సమం చేయించకుండా బిగించకు. పెద్ద క్యాన్ లీటరు పైన పట్టేలా మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో చేయించు. లోపలికి వచ్చే గొట్టం పక్కనుంచి, బయటికి పోయేది పైనుంచి, మధ్యలో అడ్డు పలక. పలక పైన గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు దట్టంగా కూరి, దాని మీద రంధ్రాల రేకు బిగించాలి. పీచు అంటే రిబ్బన్‌లా చుట్టలు తిరిగి ఉండేది. వెంట్రుకల్లా ఉండే సన్న స్టీల్ ఊలు వద్దే వద్దు, ఒక్క పోగు తెగి టర్బోలోకి పోతే రెక్కలు పాడవుతాయి. కంప్రెసర్లకి వాడే గాజులాంటి ప్లాస్టిక్ గిన్నె ఫిల్టర్ చవగ్గా వస్తుందని కొందరు తగిలిస్తున్నారు, పెట్రోలు ఆవిరికీ వేడికీ ఆ ప్లాస్టిక్ పగుళ్ళిస్తుంది, రంధ్రాలు కూడా మరీ సన్నం.

గొట్టాల దగ్గర పిసినారితనం చేయకు. నీలం రంగు సిలికాన్ గొట్టం అందంగా ఉంటుంది గానీ మామూలు సిలికాన్‌కి ఆయిల్ పడదు, కొన్నాళ్ళకి ఒళ్ళంతా చెమట పట్టినట్టు జిడ్డు కారుతుంది. ఆయిల్‌కి పనికొచ్చే నైట్రైల్ రబ్బరు గొట్టం, లోపల దారం అల్లినది అడిగి తీసుకో. మానిఫోల్డ్ వైపు వేసేది వాక్యూమ్‌కి లోపలికి నొక్కుకుపోకుండా గట్టిగా ఉండాలి. గొట్టాలన్నీ ఇంజిన్ నుంచి క్యాన్ దాకా ఒకే వాలుగా వెళ్ళాలి, మధ్యలో ఎక్కడా కిందికి జోలెలా వేలాడకూడదు, అక్కడ నీళ్ళూ ఆయిలూ చేరి దారి మూసేస్తాయి. వన్ వే వాల్వ్ ఇనపదో అల్యూమినియందో తీసుకుని, కొనేటప్పుడే నోటితో రెండు వైపులా ఊది చూడు, ఒకవైపు అసలు పోకూడదు. ఆరు నెలలకోసారి తీసి మళ్ళీ అలాగే ఊది చూసుకోవాలి, ఇంత ఏర్పాటులో నమ్మకం పెట్టకూడని వస్తువు అదొక్కటే.

క్యాన్‌ని టర్బోకి, రేడియేటర్ వేడి గాలికి దూరంగా, బంపర్ వెనక చల్లగాలి తగిలే మూలన పెట్టు. క్యాన్ చల్లగా ఉంటేనే ఆవిరి బొట్లై నిలుస్తుంది. రోహిణి కార్తెలో మన ఊళ్ళ వేడికి వేడి క్యాన్ ఏమీ పట్టదు, ఆయిల్ ఆవిరంతా టర్బోలోకి పోయి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లోపల పూత పూస్తుంది, పెట్రోలుతో కలిసిన ఆ ఆయిల్ నాకింగ్‌ని, అంటే సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడాన్ని, పిలుస్తుంది. ఎండాకాలంలో టర్బో పెట్రోలు ఇంజిన్‌కి నాకింగ్ కంటే పెద్ద శత్రువు లేదు.

మొదట్లో 500 కిలోమీటర్లకోసారి రెండు క్యాన్లూ కిందున్న ట్యాపు విప్పి గాజు సీసాలోకి దించి చూడు. జనవరిలో పాలు కలిపిన టీలా ఉంటే అది నీళ్ళు, భయం లేదు. పెట్రోలు వాసన ఘాటుగా కొడితే ట్యూనింగ్ రిచ్‌గా ఉంది, అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూన్ చేసినతనికి చెప్పు. చిక్కటి నల్ల ఆయిల్ వందల మిల్లీలీటర్లు వస్తుంటే కవర్‌లో అడ్డు రేకు చాలలేదు, లేదా రింగులు. ఆ ద్రవాన్ని మళ్ళీ ఇంజిన్‌లో పోయకు, బందరు కాలవలో అసలే పోయకు, పాత ఆయిల్ కొనేవాళ్ళ డ్రమ్ములో వేసెయ్.

నీ 20 వేలలో ముందు లీక్ డౌన్ టెస్టుకీ ఆయిల్ మార్పుకీ తీసిపెట్టు. ఇప్పుడున్న ఆయిల్‌లో ఇన్నాళ్ళ గ్యాసు కలిసి ఉంది, కొత్త ఏర్పాటు పెట్టి పాత ఆయిల్‌తో తిప్పడంలో అర్థం లేదు. మిగిలిన దాంట్లో క్యాన్లు, వెల్డింగ్, గొట్టాలు, పీసీవీ వాల్వ్ కొత్తది. క్రాంక్ సీల్ ఇప్పుడే మార్చకు, ఒత్తిడి తగ్గాక ఇంజిన్ కింద తుడిచి అట్టముక్క పరిచి రెండు వారాలు చూడు, చాలాసార్లు చెమ్మ అక్కడితో ఆగిపోతుంది. సైలెన్సర్‌లో పేరుకున్న ఆయిల్ కాలడానికి టైం పడుతుంది కాబట్టి పొగ కూడా మొదటి రోజే పోదు, 200, 300 కిలోమీటర్లు ఓపిక పట్టు.

అంతా బిగించాక అదే చెక్క, అదే నీళ్ళు, అదే రెండో గేరు. ఐడ్లింగ్‌లో ఈసారి నీళ్ళు ఇంజిన్ వైపు కొద్దిగా లేవాలి, అంటే లోపల లాగుతోందని. గబగబా పైదాకా లేస్తే వెంటనే గొట్టం పీకెయ్, టర్బో వైపు గొట్టం ఎక్కడో మూసుకుపోయింది. ముందు అంకె, తర్వాతి అంకె, లీక్ డౌన్ శాతాలు నాలుగూ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. టర్బో షాఫ్టు ఎంత ఆడుతోందో కూడా రాయి.